లేజర్ వేళ అత్తకు కనిపించిన బోటు

నేను కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను. దయ్యాలని, పూనకాలని ఎవరైనా నా దగ్గర మొదలుపెడితే "ముందు చూపు పరీక్ష చేయించుకోండి" అని నవ్వి పంపించే మనిషిని. వెలుగు కంట్లోకి ఎలా వెళుతుంది, మెదడు దాన్ని ఎలా బొమ్మగా మారుస్తుంది, ఏ జబ్బులో లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి, ఇవన్నీ చదువుకునే ఈ పనిలోకి వచ్చాను. చిన్నప్పుడు అమావాస్య రోజు సముద్రపొడ్డుకు పోవద్దంటే పనిగట్టుకుని పోయి, ఉప్పునీళ్ళలో ఆడుకుని వచ్చి, మా అమ్మ చేత తన్నులు తిన్నదాన్ని.

అలాంటి నేను ఈ సంగతి రాస్తున్నాను. ఎవరినీ నమ్మించాలని కాదు. జరిగింది జరిగినట్టు చెప్పకపోతే నాకే ఊపిరాడదు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. భయంతో మాత్రం కాదు.

మాది ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే బెస్తపాళేల్లో ఒకటి. చదువయ్యాక నెల్లూరులో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో చేరాను. ఆ రోజుల్లో మా ఆసుపత్రికి శుక్లాలు తీసే లేజర్ మెషీన్ కొత్తగా వచ్చింది. దాన్ని నడిపే శిక్షణ నాకే ఇచ్చారు. ఆ ఉత్సాహం ఏమని చెప్పను! ఇంటికి వెళ్ళినా అదే మాట, పెళ్ళిలో అన్నం తింటూ కూడా అదే మాట. వినేవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

విసుక్కోకుండా విన్నది మా కావమ్మత్త ఒక్కతే. మా నాన్నకు అక్క. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ముత్తుకూరు వీధులన్నీ తిరిగిన మనిషి. కళ్ళలో పొర కమ్మడం మొదలయ్యాక కూడా, తడిమి చూసి ఏ చేపో చెప్పి అమ్ముకుంటూ వచ్చింది. తర్వాత అదీ కుదరలేదు. చివరికి రెండు కళ్ళలోనూ శుక్లం బాగా ముదిరి, వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది. ఆపరేషన్ అంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

"నా కంట్లో కత్తి పెట్టేది నాకు ఇష్టం లేదు. ఇట్టనే పోతా" అనేది.

కొత్త మెషీన్ సంగతి చెప్పగానే ఆమె ముఖం నా వైపు తిరిగింది.

"కత్తి లేకుండా ఎట్ట కోస్తారు కోడలా?"

"వెలుగుతో అత్తా. శుక్లం మీద సన్నటి పొర ఒకటి ఉంటుంది. లేజర్ దాన్ని గుండ్రంగా కోస్తుంది. లోపలున్న శుక్లాన్ని ముక్కలు చేస్తుంది. ఆ తర్వాత డాక్టరమ్మ సూది లాంటి గొట్టంతో ఆ ముక్కలు లాగేసి, కొత్త లెన్స్ పెడుతుంది."

"వెలుగుతోనా!" అని చాలాసేపు నవ్వింది. "ఇన్నేళ్లూ కంట్లోకి రాని వెలుగు, ఇప్పుడు కోసుకోని వస్తాదా? సరే, పెట్టు చూద్దాం."

అలా ఒప్పుకుంది. డాక్టరమ్మ పరీక్షించి, శుక్లం గట్టిపడినా లేజర్‌తో మొదలుపెట్టవచ్చని చెప్పారు. ముందు కుడి కన్ను చేసి, అది కుదుటపడ్డాక ఎడమ కన్ను చేద్దామన్నారు.

ఆపరేషన్ రోజు అత్తను తీసుకొచ్చింది ఆమె కోడలు సుజాత. అత్త కొడుకు పోలయ్య బావ తెల్లారకముందే ఇద్దరు జతగాళ్ళతో ఫైబర్ బోటు వేసుకుని వేటకు వెళ్ళాడట. చేపలు దించి, మధ్యాహ్నానికి ఆసుపత్రికి వస్తానని చెప్పాడట. అందరూ మామూలుగానే ఉన్నారు. గాలి లేదు, వాన లేదు. అత్త అయితే పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. కొత్త చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుంది. థియేటర్‌లోకి పూలు కూడదని తీయిస్తే నా మీద అలిగింది.

కంట్లో చుక్కలు వేశాం. మత్తు ఇంజెక్షన్ ఇవ్వలేదు, నిద్రమాత్ర ఇవ్వలేదు. ఈ మాట నేను ఎవరికి చెప్పినా ముందుగా చెబుతాను, ఎందుకంటే వినేవాళ్ళంతా మొదట అడిగేది అదే. చుక్కలతో కంటికి తిమ్మిరెక్కుతుంది, అంతే. మనిషి పూర్తి స్పృహలో ఉంటుంది, మాట్లాడగలదు.

లేజర్ గదిలో అత్తను బల్ల మీద పడుకోబెట్టాం. మెషీన్ కిందికి వచ్చి, కప్పు లాంటి భాగం ఒకటి కంటి మీద ఆనుతుంది. అది గాలి పీల్చి, కన్ను కదలకుండా పట్టుకుంటుంది. అప్పుడు ఎవరికైనా ఆ కంటి చూపు ఇంకా మసకబారుతుంది. కొందరికి చీకటైపోతుంది. కొందరికి రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి. అది మేము ముందే చెప్పి ఉంచుతాం. అత్తకూ చెప్పాను. రెండో కన్ను గుడ్డతో కప్పి ఉంది.

కన్ను పట్టు దొరికింది. తెర మీద అత్త శుక్లం అడ్డంగా కోసిన బొమ్మలా కనిపించింది. చిక్కటి, గట్టి శుక్లం. డాక్టరమ్మ పెడల్ మీద కాలు పెట్టారు. నేను తెర పక్కనే నిలబడి, ఒక చేత్తో అత్త చేయి పట్టుకున్నాను.

లేజర్ నడిచేది నిమిషం కూడా ఉండదు. పొర గుండ్రంగా తెగింది. ఎంత అందంగా తెగిందో! నేను తెరనే చూస్తున్నాను. అప్పుడు అత్త నా చేయి ఎంత గట్టిగా పట్టిందంటే, నా వేళ్ళు నలిగినంత పనైంది.

"బోటు" అంది.

పెదవులు కదిలీ కదలనట్టు అంది. తల కొంచెం కూడా కదపలేదు. కదిలితే పట్టు ఊడిపోతుందని నేను చెప్పిన మాట ఆమెకు గుర్తుంది.

"మాట్లాడొద్దు అత్తా, అయిపోవచ్చింది."

"మన బోటు. బోర్లా పడి ఉండాది."

డాక్టరమ్మ నా వైపు చూశారు కానీ కాలు తీయలేదు. శుక్లం ముక్కలుగా చీలడం తెర మీద కనిపిస్తూనే ఉంది. అది అయ్యేలోపు అత్త నోటి నుంచి మాటలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఏడుస్తున్నట్టు కాదు, అరుస్తున్నట్టూ కాదు. కిటికీలోంచి చూసి లోపలున్నవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది.

"పైన ఇద్దరు కూసోని ఉండారు. ఒకడు నీళ్లలో తాడు పట్టుకోని ఉండాడు. పోలయ్య పైన ఉండాడు, చొక్కా లేదు. ఒడ్డు అల్లంత దూరాన ఉండాది. కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు ఒకదాని ఎనకాల ఒకటి పోయి ఒకటే మాదిరి కనపడతా ఉండాది. పోర్టు క్రేన్లు కుడి చేతి పక్క ఉండాయి."

మెషీన్ ఆగింది. పట్టు వదిలింది. మెషీన్ పైకి లేచింది. అత్త ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, "పోయింది. ఇప్పుడేం లేదు" అంది.

డాక్టరమ్మే ముందు తేరుకున్నారు. చాలా నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, ఈ వెలుగు పడినప్పుడు కొంతమందికి ఏవేవో కనిపిస్తాయి. భయపడొద్దు. ఇప్పుడు పక్క గదిలోకి వెళ్ళి ముక్కలు తీసేద్దాం."

అత్త బల్ల అంచు పట్టుకుంది.

"ముందు ఫోన్ చెయ్యి కోడలా. అప్పటిదాకా ఈ బల్ల మీదనుంచి నేను లేవను."

అది మొండితనం కాదని నాకు తెలుసు. కానీ అక్కడ ఆగిపోవడానికి వీల్లేదు. లేజర్ పొరను కోసేశాక శుక్లాన్ని త్వరగా బయటికి తీయాలి. ఆలస్యమైతే లోపల ఒత్తిడి పెరగవచ్చు. డాక్టరమ్మ ఆ సంగతి చెప్పారు. అత్త వినలేదు. బతిమాలారు. వినలేదు.

"నా కన్ను పోతే పోనీ తల్లీ. ఆడ ముగ్గురుండారు."

డాక్టరమ్మ నాతో, "మాధవీ, వెళ్ళి ఫోన్ చెయ్యి. పరిగెత్తు" అన్నారు.

పరిగెత్తాను. థియేటర్ చెప్పులతోనే వరండాలోకి పరిగెత్తాను. పోలయ్య బావ నంబర్ అందుబాటులో లేదని వచ్చింది. సముద్రం మీదున్నవాళ్ళకు అది మామూలే. దానికి ఎవరూ కంగారు పడరు. సుజాత బెంచీ మీద కూర్చుని ఉంది. నా ముఖం చూసి లేచి నిలబడింది.

"కంటికేమన్నా అయిందా అక్కా?"

"కన్ను బాగానే ఉంది. బావ ఈ రోజు ఏ వైపు వెళ్ళాడు?"

"ఉత్తరం పక్కకి. నాతో చెప్పే పోయినాడు. ఏమి?"

ఉత్తరం. అత్త చెప్పినదాని ప్రకారం చూస్తే బోటు పోర్టుకు దక్షిణాన ఉండాలి. సముద్రం మీద నిలబడి ఒడ్డు వైపు చూసేవాడికి కుడి చేతి వైపు ఉత్తరం. క్రేన్లు కుడివైపు కనిపిస్తున్నాయంటే మనిషి వాటికి దక్షిణాన ఉన్నట్టు. ఈ లెక్క మధ్యలో నన్ను నేనే ఆపుకున్నాను. నేనేం చేస్తున్నాను? శుక్లం ఆపరేషన్‌లో పేషెంటు చూసిన బొమ్మకు దిక్కులు వెతుకుతున్నానా?

అయినా మా చిన్నాయనకు ఫోన్ చేశాను. మా నాన్నకు తమ్ముడు, పేరు రాఘవులు. ఆయన ఆ రోజు వేటకు పోకుండా ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. నేను చెప్పింది సగం విని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

"గొట్టాల సంగతి మళ్ళా చెప్పు పాపా. అక్క చెప్పింది చెప్పినట్టు చెప్పు."

చెప్పాను.

"అది మా మొగోళ్ల గురుతు" అన్నాడు. "గొట్టాలు రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే వరస ఒకటుండాది. ఆ వరస పట్టుకోని లోపలికి పోతే రాతినేల తగులుతాది. ఆడ వల ఎయ్యాలంటే మేం అట్టనే చూసుకోని పోతాం. అక్క ఎన్నడూ బోటెక్కలా. ఆమెకెట్ట తెలిసింది?"

"నాకేం తెలుసు చిన్నాయనా. సుజాత మాత్రం ఉత్తరానికి పోయినారంటోంది."

"ఇప్పుడు ఒడ్డున ఉండే బోటు నాదొక్కటే. ఒక పక్కకే పోగలను. ఏ పక్కకి పొమ్మంటావ్?"

నా జీవితంలో అలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సుజాత నా పక్కనే నిలబడి అంతా వింటోంది. అప్పటికి ఆమెకు సంగతి అర్థమైంది. ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"మామా, మా అత్త చెప్పిన కాడికే పో" అంది. "ఆయన నాతో ఒకటి చెప్పి ఒకటి చేసే మనిషే. బిన్నా పో మామా, ఆలస్యం చెయ్యబాక."

ఫోన్ మళ్ళీ నేను తీసుకున్నాను. ఫోన్‌లోనే ఆయన కేకలు వినపడ్డాయి, ఎవరినో పిలుస్తున్నాడు, డీజిల్ క్యాను తెమ్మంటున్నాడు. ఫోన్ పెట్టేసేముందు ఒకే మాట అన్నాడు. "మెరైన్ పోలీసుకు కూడా చెప్దామంటే, ఎవరు చూసినారని అడుగుతారు పాపా. ఏమని చెప్పేది?"

నేను లోపలికి పరిగెత్తాను. అత్త బల్ల మీద అలాగే ఉంది. డాక్టరమ్మ ఆమె పక్కనే నిలబడి చేయి పట్టుకుని ఉన్నారు.

"చిన్నాయన బయల్దేరినాడు అత్తా. నువ్వు చెప్పిన వైపే పోయినాడు."

అత్త బల్ల అంచు వదిలింది. "ఇంక మీ ఇష్టం తల్లీ. కోసుకోండి" అంది.

ఆ తర్వాతి పని ఎంత చక్కగా జరిగిందో చెప్పాలి. లేజర్ చేసిన ముక్కలు సూది గొట్టంలోకి ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. గట్టి శుక్లమని అందరం అనుకున్నదే, కానీ ఇబ్బంది పెట్టలేదు. మడతపెట్టిన లెన్స్ లోపలికి వెళ్ళి విచ్చుకుని కూర్చుంది. డాక్టరమ్మ మాస్కులోంచే నవ్వడం కనపడింది. మామూలు రోజైతే నేను గంతులు వేసేదాన్ని. ఆ రోజు నా చెవులు బయట ఫోన్ మీద ఉన్నాయి.

కంటి మీద మూత లాంటి షీల్డ్ పెట్టి, అత్తను వార్డులోకి తెచ్చాం. సుజాత మంచం పక్కన కూర్చుంది. నాకు వేరే పేషెంట్లు ఉన్నారు. ఒక్కొక్కరి పని చూసుకుని మళ్ళీ వార్డులోకి తొంగి చూసేదాన్ని. నర్సులకు, ఆయాలకు, ఫార్మసీలో కుర్చీ మీద కూర్చునే ఆయనకు, అందరికీ సంగతి తెలిసిపోయింది. ఎవరి పనుల్లో వాళ్ళు ఉన్నట్టే ఉన్నారు, కానీ నా ఫోన్ మోగితే అందరి తలలూ ఇటు తిరిగేవి. ఒకసారి మోగింది. క్రెడిట్ కార్డు కావాలా అని. అంత కోపం నాకెన్నడూ రాలేదు.

అత్త మాత్రం పడుకుని నిద్రపోయింది. గురక కూడా పెట్టింది.

సుజాత నాతో, "అక్కా, ఏమీ లేకుండా ఆయన ఉత్తరం నుంచి చేపలేసుకోని వచ్చేస్తే?" అంది.

"వస్తే మంచిదే కదా. అందరం నవ్వుకుందాం."

"నవ్వుకుంటే బాగుండు" అంది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. బావ రాలేదు. అతని ఫోన్ ఇంకా అందుబాటులో లేదు. ఎండ కొంచెం వాలింది. అప్పుడు చిన్నాయన ఫోన్ వచ్చింది.

ముందు ఏమీ అర్థం కాలేదు. ఇంజన్ మోత, గాలి, మనుషుల కేకలు. నేను వరండాలో నిలబడి "చిన్నాయనా, చిన్నాయనా" అని అరుస్తున్నాను. వార్డులో ఉన్నవాళ్ళంతా బయటికి వచ్చేశారు. అప్పుడు గాలి కొంచెం తగ్గినట్టుంది. మాట స్పష్టంగా వినపడింది.

"దొరికినారు! ముగ్గురూ దొరికినారు! బతికే ఉండారు!"

నేను ఆ మాటే మళ్ళీ అరిచాను. సుజాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆయా ఒకామె నన్ను కౌగిలించుకుంది. ఆమె పేరు కూడా నాకు అప్పటికి సరిగా తెలియదు. ఒక ముసలాయన, ఎడమ కంటికి షీల్డ్ పెట్టుకుని ఉన్నవాడు, ఏం జరిగిందో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. డాక్టరమ్మ ఓపీ గదిలోంచి పరుగున వచ్చి, గుమ్మంలో నిలబడి నోటి మీద చేయి పెట్టుకున్నారు.

అత్తను లేపి చెప్పాను.

"నీళ్లలో ఉండేవోడు ఎవురు?" అని అడిగింది ముందు.

"తెలియదత్తా. ముగ్గురూ క్షేమం."

"అయితే ఏమన్నా తినేదానికి పెట్టండి. ఆకలేస్తా ఉండాది."

చిన్నాయన తర్వాత నాకు వివరంగా చెప్పాడు. గొట్టాలు కలిసిపోయే వరసకు చేరి, ఆ వరస తప్పకుండా లోపలికి పోతూ ఉన్నాడట. మొదట నీళ్ళలో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము కనిపించిందట. ఇంకొంచెం పోయాక బోర్లా పడిన బోటు. పైన ఇద్దరు. మూడోవాడికి భుజం ఎముక తొలగి, పైకి ఎక్కలేక, తాడు పట్టుకుని నీళ్ళలోనే ఉన్నాడు. బావ ఒంటి మీద చొక్కా లేదు. దాన్ని చింపి, ఆ మూడోవాడి చేతిని తాడుకు కట్టాడట.

అత్త ఒక్క ముక్క తప్పు చెప్పలేదు.

మర్నాడు పొద్దున షీల్డ్ తీసే వేళకు బావ వచ్చాడు. పెదవులు ఉప్పుకు పగిలి, వీపంతా కమిలిపోయి ఉంది. మంచం ఎదురుగా నిలబడ్డాడు. నేను షీల్డ్ తీసి, కన్ను నెమ్మదిగా తుడిచాను. అత్త రెప్పలు ఆర్పింది. ఎన్నో ఏళ్ళుగా వెలుగూ నీడా తప్ప చూడని కన్ను అది. ముందు కిటికీని చూసింది. తర్వాత నన్ను. తర్వాత కొడుకును చూసి, చూసి, చేయి చాపి అతని తల కిందికి వంచుకుంది.

"నీకు తెల్లెంట్రుకలు వచ్చినాయేందిరా!" అంది.

అంతసేపూ ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి, ఆ మాటతో ఏడ్చేసింది. కన్ను తడవకూడదని నేను దూది పట్టుకుని ఆమె చుట్టూ తిరిగాను. ఆమె ఏడుపు ఆపదు, నేను తుడవడం ఆపను. బావ నవ్వుతూ ఏడ్చాడు.

తర్వాత అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి అన్నీ అడిగాను. ఉత్తరానికే బయల్దేరారట. ఒడ్డు దాటాక జతగాళ్ళలో ఒకతను దక్షిణాన చేప బాగా ఉందని అంటే మనసు మార్చుకుని అటు తిరిగారట. ఆ సంగతి ఒడ్డున ఎవరికీ తెలియదు. వల లాగేటప్పుడు ఇంజన్ ఆగిపోయింది, పక్కనుంచి అల కొట్టింది, బోటు తిరగబడింది. ఫోన్లు నీళ్ళలో పోయాయి.

"అప్పుడు మీ అమ్మ గుర్తొచ్చిందా బావా? పిలిచావా?"

నేను ఏదో పెద్ద జవాబు వస్తుందని ఎదురుచూశాను. అతను తల గోక్కున్నాడు.

"నిజం చెప్పమంటావా మరదలా? అమ్మా లేదు, పెళ్లాం లేదు, దేవుడూ లేడు. పైన కూసోని తాగేదానికి చెంబెడు మంచినీళ్లు దొరికితే చాలనుకుంటా ఉండా. అంతే."

నేను చదువుకున్నదాన్ని. ఆలోచించకుండా ఉండలేను. డాక్టరమ్మా నేనూ దీని గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో లెక్కలేదు. కంటి మీద వెలుగు పడినప్పుడు, చూపు లేని మనుషులకు మెదడు బొమ్మలు చూపించడం ఉంది. అది పుస్తకాల్లో ఉంది. కొడుకు సముద్రం మీదున్న తల్లికి బోటు బొమ్మే కనిపించడం వింత కాదు. మగవాళ్ళు అన్నం తినేటప్పుడు చెప్పుకునే గురుతులు ఆమె చెవిన ఎప్పుడో పడి ఉండొచ్చు. ఇంతవరకు నేను ఒప్పుకుంటాను.

కానీ దక్షిణం? నీళ్ళలో ఉన్న మూడోవాడు? చొక్కా? అవి నాకు ఎక్కడా సర్దుబాటు కావు. పైగా ఆ సమయంలో ఆమె కుడి కంటికి ఉన్న కాస్త వెలుగూ ఆ కప్పు కింద మసకబారి ఉండాలి. మా మెషీన్ పనే అది.

కొన్ని వారాలకు ఎడమ కంటి ఆపరేషన్ పెట్టుకున్నాం. ఈలోపు సంగతి పాళెమంతా పాకింది. చుట్టుపక్కల ఊళ్ళకూ చేరింది. నాకు ఎన్ని ఫోన్లో! తమ్ముడు తమిళనాడు బోటులో పనికి వెళ్ళాడని, ఎలా ఉన్నాడో చూసి చెప్పమని ఒకామె. తప్పిపోయిన గేదె సంగతి అడగమని ఇంకొకామె. అత్త అందరినీ తిట్టింది. "నేనేమన్నా సోదమ్మనా?" అని.

తిట్టింది కానీ, ఆ రోజు లేజర్ గదిలో మాత్రం ఎంత ఆత్రం! సెలవులో ఉన్న నర్సు కూడా పనిలోకి వచ్చింది. గాజు తలుపు బయట సిబ్బంది గుమిగూడారు. డాక్టరమ్మ కోప్పడి పంపిస్తే వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వచ్చారు. నిజం చెప్పాలంటే డాక్టరమ్మ కళ్ళలోనూ ఆ మెరుపు ఉంది. నా సంగతి సరే సరి. మెషీన్ కిందికి దిగింది.

కప్పు ఆనింది. కన్ను పట్టు దొరికింది. లేజర్ నడిచింది. పొర గుండ్రంగా తెగింది. శుక్లం ముక్కలైంది. అత్త చేయి నా చేతిలో మెత్తగా, కదలకుండా ఉంది. మెషీన్ పైకి లేచింది.

ఆగలేక నేనే అడిగేశాను. "ఏం కనపడింది అత్తా?"

"ఏముండాదీ, ఎర్రంగా ఒక దీపం. దాని చుట్టూతా పచ్చంగా చుక్కలు."

"అంతేనా?"

"అంతేగా. అందరూ ఇండ్ల కాడ ఉంటే ఇంకేం కనపడాల?"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పని అంతా అయ్యాక, ఆమెను వార్డులో పడుకోబెట్టి, బయటికి వచ్చి చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పడానికే చేశాను. మాటల్లో మాటగా, ఈ రోజు వేట ఎలా ఉందని అడిగాను.

"వేటెక్కడిది పాపా? పొద్దున్నే గాలి తిరిగింది. ఒక్క బోటూ దిగలా. పాళెమంతా ఇంట్లోనే ఉండాం."

అత్త ముందురోజే వచ్చి నెల్లూరులో మా ఇంట్లో పడుకుంది. పొద్దున్న ఆమెకు ఊరినుంచి ఫోన్ రాలేదు. మా వీధిలో ఆకు కూడా కదలలేదు.

ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో అలాగే నిలబడ్డాను. "అందరూ ఇండ్ల కాడ ఉంటే" అని అత్త అన్న మాటే మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. లోపల అత్త, ఆపరేషన్ అయిన కుడి కంటితో వార్డులో గోడ మీది క్యాలెండర్ అంకెలు గట్టిగా చదువుతోంది. తప్పు లేకుండా చదువుతోంది. ప్రతి అంకెకూ పక్క మంచం మీది ఆమె "అవును" అంటోంది.